పాత మడిగెలు, పాత అద్దెలు: హైదరాబాద్‌లో యజమాని, అద్దెదారు హక్కులపై సమగ్ర మార్గదర్శి

బేగంబజార్, సిద్దిఅంబర్‌బజార్, సుల్తాన్‌బజార్, సికింద్రాబాద్ జనరల్‌బజార్ ప్రాంతాల్లో నెలకు ఎనిమిది వందలో, పన్నెండు వందలో అద్దె కట్టే దుకాణాలు ఇప్పటికీ ఉన్నాయి. తాత తీసుకున్న మడిగెలో మనవడు వ్యాపారం చేసుకుంటుంటాడు. ఆ వీధిలోనే కొత్త భవనంలో అంతే కొలత ఉన్న దుకాణానికి అద్దె వేలల్లో పలుకుతుంది. అద్దెదారుకు ఎప్పుడు ఖాళీ చేయమంటారోనన్న భయం, యజమానికి సొంత ఆస్తి మీద రాబడి లేదన్న కడుపుమంట. రెండూ న్యాయమైనవే. హక్కు ఉండి కూడా చేతిలో కాగితం లేక కోర్టులో ఓడిపోయేవారిని చూస్తే బాధ కలుగుతుంది. అలా ఓడిపోకుండా ఏ పని ఎప్పుడు, ఏ వరుసలో చేయాలో ఇద్దరి వైపు నుంచీ చెబుతాను.

మొదటి అడుగు: మీ దుకాణానికి ఏ చట్టం వర్తిస్తుందో తేల్చుకోండి

మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది. హైదరాబాద్‌లో పాత అద్దెలకు రక్షణ ఇచ్చేది 1960 నాటి భవనాల లీజు, అద్దె, ఖాళీ నియంత్రణ చట్టం. తెలంగాణ ప్రాంతంలో అంతకుముందున్న 1954 హైదరాబాద్ చట్టం స్థానంలో ఇది వచ్చింది. రాష్ట్రం ఏర్పడ్డాక పేరులో ఆంధ్రప్రదేశ్ పోయి తెలంగాణ చేరింది. బజారులో అందరూ దీన్ని రెంట్ కంట్రోల్ చట్టం అనే అంటారు.

అయితే ఈ చట్టం అన్ని దుకాణాలకూ వర్తించదు. 2005లో చేసిన సవరణ రెండు గీతలు గీసింది. కట్టడం పూర్తయిన నాటి నుంచి, లేదా భారీగా పునరుద్ధరించిన నాటి నుంచి 15 ఏళ్ల వరకు ఆ భవనం చట్టం పరిధిలోకి రాదు. అలాగే ఆ సవరణ అమల్లోకి వచ్చిన నాటికి మున్సిపల్ కార్పొరేషన్ ప్రాంతాల్లో నెల అద్దె 3,500 రూపాయలు దాటి ఉన్నా పరిధిలోకి రాదు. మిగతా ప్రాంతాల్లో ఈ పరిమితి 2,000 రూపాయలు.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. అద్దె చూడాల్సింది 2005 నాటిది. అంటే ఇరవై ఏళ్ల కిందటి ఒక రశీదు ముక్క మీ కేసు ఏ కోర్టుకు వెళ్లాలో నిర్ణయించగలదు. పాత డబ్బా తెరిచి ముందు ఆ కాగితం వెతకండి. రశీదు లేకపోతే ఆ ఏటి లెక్కల పుస్తకం, ఆదాయపు పన్ను లెక్కల్లో చూపిన అద్దె ఖర్చు, బ్యాంకు పాస్‌బుక్, యజమాని రాసిన చీటీ, ఏదైనా పనికొస్తుంది. 2005 తర్వాత ఇష్టపూర్వకంగా అద్దె పెంచుకుని ఆ గీత దాటినవారి విషయంలో వాదనలకు తావుంటుంది. అలాంటివారు కేసు వేసే ముందే అద్దె కేసుల్లో అనుభవమున్న న్యాయవాదికి కాగితాలు చూపించాలి.

దుకాణం ఎవరిదో కూడా చూడండి. ప్రభుత్వం, స్థానిక సంస్థల భవనాలకు ఈ చట్టం వర్తించదు. మున్సిపల్ మార్కెట్లలోని మడిగెలకు వాటి నిబంధనలు వేరు. పాతబస్తీలో చాలా మడిగెలు వక్ఫ్ ఆస్తులు. వక్ఫ్ చట్టానికి 2013లో చేసిన సవరణ తర్వాత ఆ ఆస్తుల్లోని అద్దెదారులను ఖాళీ చేయించే వివాదాలు వక్ఫ్ ట్రిబ్యునల్ పరిధిలోకి వెళ్లాయి. దేవాలయాల ఆస్తులకు 1987 నాటి దేవాదాయ చట్టం ఉంది. యజమాని ఎవరో తెలియకుండా నోటీసుకు జవాబు రాయించవద్దు.

రెంట్ కంట్రోల్ పరిధిలో లేని దుకాణాలకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం వర్తిస్తుంది. నెలవారీ అద్దె అయితే సెక్షన్ 106 కింద 15 రోజుల నోటీసు చాలు. కారణం చెప్పనక్కర లేదు. నలభై ఏళ్లుగా ఉంటున్నామన్నది అక్కడ రక్షణ కాదు. నోటీసు గడువు ముగిశాక యజమాని సివిల్ కోర్టులో దావా వేస్తారు. ఖాళీ చేసేదాకా బజారు ధర ప్రకారం నష్టపరిహారం కూడా అడుగుతారు. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు కాకపోతే, ఆ కాగితంలో రాసుకున్న తొమ్మిదేళ్ల గడువును కోర్టులో నిలబెట్టుకోవడం కష్టం. కొత్తగా దుకాణం తీసుకునేవారు రిజిస్ట్రేషన్ ఖర్చుకు వెనకాడకూడదని నేను గట్టిగా చెబుతాను.

కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం గురించి ఫోన్లలో రకరకాల సందేశాలు తిరుగుతుంటాయి. అది నమూనా మాత్రమే. రాష్ట్రం తనదిగా చట్టం చేసుకుంటేనే అమలవుతుంది. ఆ నమూనా కూడా పాత అద్దెలను కదిలించేది కాదు. కాబట్టి ఆ సందేశాలు చూసి ఎవరూ కంగారు పడనక్కర లేదు, ఆశ పెంచుకోనూ వద్దు.

రెండో అడుగు: కాగితాలన్నీ ఒక ఫైలులో పెట్టండి

అద్దెదారు దగ్గర ఉండాల్సినవి: మొదటి కిరాయినామా, దొరికినంతవరకు పాత రశీదులు, కరెంటు బిల్లులు, జీహెచ్ఎంసీ ట్రేడ్ లైసెన్సు, దుకాణాల చట్టం కింద రిజిస్ట్రేషన్, జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో ఆ చిరునామా ఉన్న పత్రం. తాత పేరు మీద కిరాయినామా, తండ్రి పేరు మీద కరెంటు మీటరు, మీ పేరు మీద జీఎస్టీ ఉంటే, ఆ ముగ్గురి మధ్య వరుసను చూపే మరణ ధ్రువపత్రాలు, కుటుంబ సభ్యుల పత్రం కూడా జత చేయండి. వాణిజ్య అద్దె హక్కు వారసులకు వస్తుందని 1985లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఢిల్లీ చట్టం కింద వచ్చిన ఒక కేసులో చెప్పింది. అయితే వారసులమని చెప్పుకుంటే సరిపోదు, నిరూపించుకోవాలి. అన్నదమ్ముల్లో ఒకరే దుకాణం నడుపుతుంటే మిగతావారు ఆ సంగతి ఒప్పుకున్నట్టు ఒక కాగితం రాయించుకోవడం మంచిది.

యజమాని దగ్గర ఉండాల్సినవి: హక్కు పత్రం, ఆస్తిపన్ను రశీదులు, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం), అద్దె రశీదుల కౌంటర్‌ఫాయిళ్లు. కౌంటర్‌ఫాయిలు మీద అద్దెదారు సంతకం ఉంటే దాని విలువ పదింతలు. ఉమ్మడి ఆస్తి అయినా ఖాళీ చేయించే కేసు వేయడానికి అందరూ సంతకం పెట్టనక్కర లేదు. సహ యజమానుల్లో ఒక్కరు వేసినా చెల్లుతుంది.

మూడో అడుగు: అద్దె ఒక్క నెల కూడా ఆగకూడదు

అద్దెదారులు అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. ఒప్పందంలో అద్దె కట్టే తేదీ ఉంటే, ఆ గడువు దాటిన 15 రోజుల్లోగా కట్టాలి. తేదీ రాసుకోకపోతే తర్వాతి నెల చివరి రోజు గడువు. అంటే జూన్ అద్దె జులై 31లోగా కట్టి తీరాలి. అది దాటితే ఎగవేత కింద లెక్క. ఉద్దేశపూర్వకంగా ఎగవేయలేదని, రెంట్ కంట్రోల్ చట్టం కింద కేసులు విచారించే రెంట్ కంట్రోలర్‌కు నమ్మకం కలిగితే, 15 రోజులకు మించని గడువు ఇచ్చి కట్టమనవచ్చు. ఆ దయ మీద ఆధారపడి వ్యాపారం నడపకండి.

మన బజారుల్లో ఒక అలవాటు ఉంది. పెద్దాయన పండక్కి వచ్చి ఆరు నెలల అద్దె ఒకేసారి పట్టుకెళ్తారు, రశీదు అడిగితే నొచ్చుకుంటారు. ఆయన ఉన్నంతకాలం ఇబ్బంది ఉండదు. ఆయన పోయాక కొడుకులు వస్తారు, వారి న్యాయవాది మొదట అడిగేది రశీదే. పాత అలవాటు అదేనని కోర్టులో చెప్పుకోవచ్చు కానీ దానికి సాక్ష్యం కావాలి. అందుకే ఈ నెల నుంచే బ్యాంకు ద్వారా కట్టండి. పంపేటప్పుడు ఏ నెల అద్దె, ఏ మడిగె నంబరు అన్నది రాయండి. అడ్వాన్సు వారి దగ్గరే ఉంది కదా, అందులో కోసుకుంటారులే అనుకుని అద్దె ఆపడం ప్రమాదకరం.

యజమాని అద్దె తీసుకోవడానికి నిరాకరిస్తే? ఖాళీ చేయించాలనుకునేవారు మొదట వేసే ఎత్తు ఇదే. అద్దె తీసుకోరు, ఆరు నెలలు ఆగి ఎగవేత కేసు వేస్తారు. దీనికి రెంట్ కంట్రోల్ చట్టంలోని సెక్షన్ 8 చక్కని దారి చూపింది. ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అది ఇలా ఉంటే చాలు:

“ఫలానా బజారులోని ఫలానా నంబరు మడిగెకు నెలకు రూ. 1,200 చొప్పున నేను మీ అద్దెదారును. జూన్ నెల అద్దెను జులై 3న మీ ఇంటికి తెచ్చి ఇవ్వగా మీరు తీసుకోలేదు. ఈ నోటీసు అందిన 10 రోజుల్లోగా, అద్దె జమ చేయాల్సిన బ్యాంకు వివరాలు రాతపూర్వకంగా తెలియజేయగలరు. తెలియజేయని పక్షంలో అద్దెను మనియార్డరు ద్వారా పంపుతాను.”

దీన్ని తపాలా ద్వారా పంపి, చేరినట్టు రుజువు దగ్గర పెట్టుకోండి. 10 రోజుల్లో వారు బ్యాంకు పేరు చెబితే అందులోనే కట్టాలి. చెప్పకపోతే మనియార్డరు పంపండి. కమీషన్ ఖర్చును అద్దెలోంచి తగ్గించుకునే హక్కు చట్టం మీకిచ్చింది. మనియార్డరు తిరిగి వస్తే, “తీసుకొనుటకు నిరాకరించారు” అని రాసి ఉన్న ఆ ఫారం మీకు ఆయుధం. దాన్ని పారేయకండి, చెమ్మ తగలనివ్వకండి. ఆ తర్వాత రెంట్ కంట్రోలర్ దగ్గర అర్జీ పెట్టి అద్దెను అక్కడ జమ చేయాలి. ఇవి ఒకదాని తర్వాత ఒకటి చేయాల్సిన మెట్లు. నోటీసు ఇవ్వకుండా నేరుగా కోర్టులో జమ చేస్తే అవతలివారు ఆ లోపాన్నే పట్టుకుంటారు.

యజమాని పోయి వారసులు తగాదా పడుతుంటే, ఒకరు అమెరికాలో, ఇంకొకరు మలక్‌పేటలో ఉండి ఇద్దరూ అద్దె నాకే ఇవ్వాలంటే, ఎవరి పక్షమూ తీసుకోకండి. అసలు యజమాని ఎవరన్న న్యాయమైన సందేహం ఉన్నప్పుడు సెక్షన్ 9 కింద అద్దెను కంట్రోలర్ దగ్గర జమ చేయవచ్చు. భవనం అమ్ముడుపోతే కొత్త యజమానికి మీరు అద్దెదారు అవుతారు. కొత్తగా ఒప్పందం లేదు కనుక ఖాళీ చేయాలన్న మాట చెల్లదు. అమ్మకం సంగతి తెలియక పాత యజమానికి కట్టిన అద్దెను మళ్లీ కట్టనక్కర లేదు. తెలిశాక మాత్రం కొత్తవారికే కట్టాలి.

జీఎస్టీ విషయం ఒక్క మాట. యజమాని జీఎస్టీలో నమోదు కాక, మీరు నమోదై ఉంటే, 2024 అక్టోబరు 10 నుంచి వాణిజ్య అద్దె మీద 18 శాతం పన్నును రివర్స్ చార్జి పద్ధతిలో మీరే కట్టాలి. కాంపొజిషన్ పథకంలో ఉన్నవారికి తర్వాత మినహాయింపు ఇచ్చారు.

నాలుగో అడుగు: ఏ కారణాలతో ఖాళీ చేయించవచ్చో తెలుసుకోండి

రెంట్ కంట్రోల్ పరిధిలోని దుకాణాన్ని చట్టంలో రాసి ఉన్న కారణాలతోనే ఖాళీ చేయించాలి. ఎగవేత ఒకటి. రాతపూర్వక అనుమతి లేకుండా ఉప అద్దెకు ఇవ్వడం, తీసుకున్న పనికి కాకుండా వేరే పనికి వాడటం రెండోది. భవనం విలువ దెబ్బతినేలా పాడుచేయడం, ఇరుగుపొరుగును వేధించడం, తగిన కారణం లేకుండా వరుసగా నాలుగు నెలలు దుకాణం మూసేయడం, దురుద్దేశంతో యజమాని హక్కునే కాదనడం కూడా కారణాలే.

ఉప అద్దె మీద కోర్టుల్లో చాలా పోరు జరుగుతుంది. భాగస్వామిని చేర్చుకోవడం తప్పు కాదు, దుకాణం మీద అజమాయిషీ నిజంగా మీ చేతుల్లో ఉంటే. పేరుకు భాగస్వామ్య పత్రం రాసుకుని, వ్యాపారం మొత్తం ఇంకొకరికి అప్పగించి, నెలకు ఇంత అని తీసుకుంటుంటే అది ఉప అద్దే అవుతుంది. జీఎస్టీ ఎవరి పేరున ఉంది, బ్యాంకు ఖాతాలో సంతకం ఎవరిది, గల్లాపెట్టె దగ్గర కూర్చునేదెవరు అన్నవి చూసి కోర్టు తేలుస్తుంది. గుడ్‌విల్ పేరుతో, పగిడీ (అద్దె కాకుండా పైన తీసుకునే మొత్తం) పేరుతో లక్షలు తీసుకుని మడిగె మరొకరికి వదిలేసే పద్ధతి బజారులో పాతుకుపోయింది కానీ అది చట్టం ముందు నిలవదు. అలా కొన్నవారికి డబ్బూ దుకాణమూ రెండూ పోయే ప్రమాదం ఉంది. దయచేసి అలా కొనకండి. అద్దెకు ఇవ్వడం కోసం యజమాని పగిడీ అడగడాన్ని కూడా చట్టం నిషేధించింది.

సొంత అవసరం అన్నది యజమానికి ఉన్న బలమైన దారి, దానికీ షరతులున్నాయి. తాను చేస్తున్న, లేదా నిజంగా మొదలుపెట్టబోయే వ్యాపారానికి దుకాణం కావాలి. ఆ నగరంలో తనదైన వాణిజ్య భవనంలో అప్పటికే తాను ఉండకూడదు. అదే భవనంలో ఒక భాగంలో తాను ఉంటూ మిగతా భాగం కూడా కావాలంటే దానికి వేరే నిబంధన ఉంది. అక్కడ అద్దెదారుకు కలిగే కష్టం, యజమానికి కలిగే మేలు రెండూ తూచి చూస్తారు. గడువు రాసుకున్న అద్దె అయితే ఆ గడువు ముగిసేదాకా సొంత అవసరం మీద కేసు వేయకూడదు. యజమానులకు నా సలహా ఏమంటే, వ్యాపారం పెడతామంటే దాని ఆనవాళ్లు చూపించండి. బ్యాంకులో డబ్బు, సరుకు సరఫరాదారులతో ఉత్తరాలు, కొడుకు చదువు, అనుభవం వంటివేమీ లేకుండా వట్టి మాట చెబితే, అద్దె పెంచుకోవడానికే వేశారన్న వాదనకు మీరే చోటిచ్చినవారవుతారు.

మరమ్మతులు, కూల్చి కట్టడం సెక్షన్ 12 కిందికి వస్తాయి. మరమ్మతులకు ఖాళీ చేయిస్తే, పని పూర్తయ్యాక అద్దెదారుకు తిరిగి ఇస్తానని యజమాని హామీ ఇవ్వాలి. కూల్చి కొత్తది కట్టేటప్పుడు కొత్త భవనంలో చోటు ఇస్తారన్న నోటిమాటను నమ్మకండి. ఎన్నో అంతస్తు, ఎన్ని గజాలు, ఎంత అద్దె, ఎప్పటిలోగా అన్నవన్నీ రాసి రిజిస్టరు చేయించుకోండి, లేదా కోర్టు ముందు రాజీలో రాయించండి.

వానాకాలం రాగానే శిథిల భవనాలకు జీహెచ్ఎంసీ నోటీసులు ఇస్తుంది. ఆ గోడలు నిజంగానే ప్రమాదకరమైతే ప్రాణం కంటే మడిగె ఎక్కువ కాదు, వెంటనే బయటికి రండి. అనుమానం ఉంటే అర్హత ఉన్న స్ట్రక్చరల్ ఇంజినీరుతో పరీక్ష చేయించి, నివేదికతో కమిషనర్‌కు అర్జీ ఇవ్వండి. అధికారులు భవనం కూల్చినంత మాత్రాన అద్దె హక్కు అంతరించిపోదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి బయటికి వచ్చే ముందు దుకాణం కొలతలు రాసుకుని, ఫొటోలు తీసి, హక్కు వదులుకోవడం లేదని రాతపూర్వకంగా తెలియజేయండి.

ఐదో అడుగు: అద్దె మరీ తక్కువైతే యజమాని చేయాల్సింది

మూడు వందల అద్దె మీద బతకలేని వృద్ధ యజమానులు, భర్త పోయిన స్త్రీలు ఎందరో ఉన్నారు. వారికి సెక్షన్ 4 కింద న్యాయమైన అద్దె నిర్ణయించమని అడిగే హక్కు ఉంది. అద్దెదారు కూడా అడగవచ్చు. చట్టం రాసిన కాలంలో 1944 ఏప్రిల్ 5కు ముందు 12 నెలల అద్దెలను చూడమని పెట్టారు, ఆస్తిపన్ను లెక్కలో వేసిన అద్దె విలువను కూడా చూడమన్నారు. నేడు మీరు సిద్ధం చేసుకోవాల్సిన సాక్ష్యం, అదే వీధిలో అలాంటి దుకాణాల రిజిస్టర్డ్ లీజు పత్రాల ధ్రువీకృత ప్రతులు. ముందు అద్దెదారుతో కూర్చుని మాట్లాడమని నా అభిప్రాయం. ఏడాదికి ఇంత చొప్పున పెంచుకుందామని రాసుకుంటే ఇద్దరికీ కొన్నేళ్ల కోర్టు ఖర్చు మిగులుతుంది. బాకీల విషయంలో ఆలస్యం చేయకండి, మూడేళ్లు దాటిన అద్దె బాకీని దావా వేసి రాబట్టడానికి కాలపరిమితి అడ్డొస్తుంది.

తాళాలు వేయడం, కరెంటు కోయడం, నీళ్లు ఆపడం మాత్రం ఎన్నడూ చేయకండి. న్యాయం మీ వైపున్నా ఆ ఒక్క పనితో కోర్టులో చులకనవుతారు. అలా బలవంతంగా వెళ్లగొట్టబడిన అద్దెదారు ఆరు నెలల్లోగా నిర్దిష్ట ఉపశమన చట్టం సెక్షన్ 6 కింద దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. ఆ దావాలో ఆస్తి ఎవరిదన్న ప్రశ్నే రాదు.

ఆరో అడుగు: కేసు వచ్చాక

నగరంలో రెంట్ కంట్రోలర్ ముందు విచారణ, దానిపై 30 రోజుల్లోగా స్మాల్ కాజెస్ కోర్టు చీఫ్ జడ్జి దగ్గర అప్పీలు, ఆ పైన హైకోర్టులో రివిజన్ ఉంటాయి. సమన్లు అందిన రోజే కవరు మీద తేదీ రాసి న్యాయవాది దగ్గరికి వెళ్లండి.

అద్దెదారు మరవకూడనిది సెక్షన్ 11. కేసు నడుస్తున్నంతకాలం బాకీ మొత్తం జమ చేయాలి, ఆ తర్వాత నెలనెలా కడుతూనే ఉండాలి. అప్పీలులోనూ అంతే. తగిన కారణం చూపకుండా ఆపితే, మీ వాదన ఎంత బలమైనదైనా విచారణ నిలిపేసి స్వాధీనం ఇవ్వమని ఆదేశిస్తారు. అద్దె ఎంతన్న దాని మీదే గొడవ ఉంటే ఆ మొత్తాన్ని ముందు తేల్చమని అర్జీ పెట్టుకోవచ్చు. కోపంతో యజమాని హక్కునే కాదనడం, ఇన్నేళ్లున్నాం కనుక మాదేనని జవాబులో రాయించడం మరో పెద్ద పొరపాటు. అద్దెదారుగా ప్రవేశించినవారికి కాలం గడిచినంత మాత్రాన ఆస్తి దక్కదు, పైగా ఖాళీ చేయించడానికి కొత్త కారణం దొరుకుతుంది.

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివారు న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చు. 15100 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది డిక్రీతో సమానం.

రాజీ పడి ఖాళీ చేసేటప్పుడు

డబ్బు చేతికి రాకముందు తాళాలు ఇవ్వకండి, తాళాలు రాకముందు డబ్బు మొత్తం ఇవ్వకండి. ఒకే రోజు, ఒకే చోట, ఇద్దరు సాక్షుల ముందు రెండూ జరగాలి. రాజీ పత్రంలో అడ్వాన్సు ఎంత తిరిగి ఇచ్చారు, అద్దె ఏ నెల వరకు తీరింది, పెండింగు కేసుల నంబర్లు, వాటిని ఎవరు ఉపసంహరిస్తారు అన్నవి రాయండి. ఖాళీ మడిగెను ఇద్దరూ నిలబడి ఫొటో తీయించుకోండి. కరెంటు మీటరు రీడింగు ఆ పత్రంలోనే నమోదు చేసి, చివరి బిల్లు ఎవరు కట్టాలో రాసుకోండి. అద్దెదారు ఆ వారంలోనే జీఎస్టీ, ట్రేడ్ లైసెన్సులలో చిరునామా మార్పించుకోవాలి. లేకపోతే తర్వాత వచ్చే నోటీసులన్నీ తన చేతికి రాకుండా ఆ పాత మడిగెకే వెళ్తుంటాయి.